ఏం కొట్టాలి అని అడిగే ముందు ఆకు తిరగేసి చూడండి: విజయవాడ మిద్దె తోటలకు మందుల పోలిక

మా ఇల్లు సత్యనారాయణపురంలో. మేడ మీద డెబ్భై దాకా కుండీలు, గ్రో బ్యాగులు ఉంటాయి. మందారాలు, మల్లె, కరివేపాకు, నిమ్మ, సీజన్‌ని బట్టి వంగ, బెండ, మిరప, చిక్కుడు, బీర. చుట్టాలు గానీ మా వీధి వాళ్లు గానీ మొక్క ఫోటో పంపారంటే కింద ఒకటే ప్రశ్న ఉంటుంది, "దీనికి ఏం కొట్టమంటారు?" అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, ఆకు అడుగుభాగం ఫోటో పెట్టండి అని. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, పసుపు రంగు, ముడత, మచ్చలు. తిరగేసి చూస్తేనే అది పురుగా, నల్లా, వైరసా, లేక అసలు తెగులే కాకుండా ఎండ దెబ్బా అన్నది తెలుస్తుంది. అది తెలియకుండా మందు ఎంచుకోవడం జ్వరమా నొప్పా చెప్పకుండా మందుల షాపులో మాత్ర అడగడం లాంటిది.

ఇంకోటి కూడా ముందే చెప్పాలి. మన ఊళ్లో మందు ఎంత ముఖ్యమో నెల కూడా అంతే ముఖ్యం. బెంగళూరు వాళ్లు చెప్పిన చిట్కా బెంగళూరులో పనిచేస్తుంది, కానీ మే నెలలో 42, 43 డిగ్రీలు దాటే మన మేడ మీద అదే చిట్కా ఆకుల్ని కాల్చేస్తుంది.

ఒట్టి నీళ్లు, సబ్బు నీళ్లు, వేప నూనె: ముందు ఏది?

చాలామంది నేరుగా వేప నూనెకే వెళ్తారు. నా మాట వింటే ముందు ఒట్టి నీళ్లు. సంక్రాంతి రోజుల్లో చిక్కుడు కొసలకి నల్లగా గుంపులుగా పట్టే పేనుబంక ఉంటుంది కదా, దానికి పైపు చివర వేలు అడ్డం పెట్టి, కొసని ఇంకో చేత్తో పట్టుకుని, గట్టిగా నీళ్లు కొడితే చాలు. మెత్తటి ఒళ్లు దానిది, ఒకసారి రాలిపోయిందంటే మళ్లీ పైకి ఎక్కేవి చాలా తక్కువ. మూడు రోజులు వరసగా పొద్దున్నే చేస్తే నూటికి ఎనభై సార్లు నాకు ఇంకేమీ అవసరం పడలేదు. పైగా నీళ్లు కొట్టినంత మాత్రాన అక్షింతల పురుగులు చావవు. ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలుండే ఆ పురుగూ, దాని పిల్లలూ పేనుబంకని తినే బతుకుతాయి. అవి కనిపిస్తే ఆ కొమ్మకి అసలు ఏమీ కొట్టకండి, వాటి పని వాటిని చేసుకోనివ్వండి. మా అమ్మమ్మ వాళ్లు పొయ్యి బూడిద చల్లేవారు, పొద్దున మంచు తడి మీద చల్లితే అది కూడా పనిచేస్తుంది, కానీ ఇప్పుడు కట్టెల పొయ్యి ఎవరింట్లో ఉంది? కుండీలో బూడిద ఎక్కువ పడితే మట్టి క్షారం అవుతుంది కాబట్టి దాన్ని నేను వదిలేశాను.

నీళ్లకి లొంగకపోతే అప్పుడు సబ్బు నీళ్లు. లీటరుకి ఐదు మి.లీ. గిన్నెలు తోమే జెల్ చాలు. బట్టలుతికే పొడి మాత్రం వద్దు, దాన్లో ఉండే సోడా ఆకుల్ని మాడుస్తుంది. జెల్‌కీ కుంకుడుకాయ రసానికీ మధ్య ఎంచుకోమంటే నేను కుంకుడు వైపే. నాలుగు కాయలు రాత్రి నానబెట్టి పిసికి వడకడితే లీటరుకి సరిపోతుంది, లేత ఆకుల మీద కూడా భయం లేకుండా కొట్టొచ్చు. సబ్బు నీళ్లు పురుగు ఒంటి మీద పడితేనే పనిచేస్తాయి, ఎండిపోయాక వాటికి శక్తి లేదు. అందుకే ఆకు పైన కొట్టి వచ్చేస్తే ఫలితం ఉండదు.

వేప నూనె మూడోది. ఇది వెంటనే చంపదు. పురుగు తిండి మానేస్తుంది, పిల్ల పెద్దది కాదు, గుడ్లు తగ్గుతాయి. కొట్టిన మర్నాడే పురుగు నడుస్తూ కనిపిస్తే మందు పనిచేయలేదని అనుకోవద్దు, వారం ఆగాలి. ఎండకి దాని బలం నాలుగైదు రోజుల్లో పోతుంది కాబట్టి వారానికోసారి చొప్పున మూడు సార్లు కొడితేనే ఒక కోర్సు పూర్తయినట్టు.

ఏ వేప?

దేవుడి దీపాలకి అమ్మే వేప నూనె కొనకండి, దాన్లో చాలాసార్లు వేరే నూనె కలిసి ఉంటుంది. మిగిలేవి మూడు. గానుగ వేప నూనె అయితే లీటరుకి ఐదు మి.లీ., ముందు నూనెలో సబ్బు రసం వేసి బాగా కలిపి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోస్తే పాలలా తెల్లగా అవుతుంది. అలా కాకుండా నూనె పైన తేలుతూ ఉంటే కొట్టొద్దు, ఆ చుక్కలు పడ్డ చోటల్లా ఆకు మాడుతుంది. రెండోది ఎరువుల కొట్లో దొరికే అజాడిరక్టిన్ (వేపలో పురుగుని ఆపే పదార్థం) సీసా. దాని మీద 1500 పీపీఎం (మందు గాఢత చెప్పే అంకె) అని ఉంటే లీటరుకి ఐదు మి.లీ., 10,000 పీపీఎం అని ఉంటే ఒక్క మి.లీ. చాలు. ఈ రెండూ తారుమారు చేసి మొక్కలు మాడ్చుకున్నవాళ్లు నాకు తెలుసు, కాబట్టి సీసా మీద అంకె చదవందే మూత తీయకండి. మూడోది వేప గింజల కషాయం. జూన్, జూలైలో చెట్టు కింద రాలిన పండ్లు ఏరుకుని, గుజ్జు కడిగి, గింజలు నీడలో ఎండబెట్టి దాచుకుంటే ఏడాదంతా వస్తాయి. యాభై గ్రాముల పొడి పల్చటి గుడ్డలో మూట కట్టి లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున పిండి వడకట్టి, కొంచెం కుంకుడు రసం కలిపి అదే రోజు వాడేయాలి.

పది కుండీలు ఉన్నవాళ్లకి 10,000 పీపీఎం సీసా చిన్నది కొనుక్కోవడం తేలిక. పెద్ద తోట ఉండి, ఓపిక ఉంటే కషాయాన్ని మించింది లేదు. నేను ఎండాకాలంలో నూనె అసలు వాడను. ఒక ఏడాది రోహిణి కార్తెలో పొద్దున తొమ్మిదిన్నరకి దోసపాదుకి నూనె కొట్టాను, మధ్యాహ్నం మూడింటికి ఆకులు అప్పడాల్లా పెళపెళలాడాయి, పాదు మళ్లీ తేరుకోలేదు. తప్పు నూనెది కాదు, ఆ వేళలో కొట్టిన నాది. ఏ మందైనా మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం ఆరు దాటాకే, అదీ మొక్కకి నీళ్లు పోసి ఉన్న రోజునే.

మందారానికి పిండినల్లి

నాకు ఎక్కువ ఫోటోలు వచ్చేది దీని గురించే, మా మేడ మీద నన్ను ఎక్కువ ఏడిపించిందీ ఇదే. కొసలకి తెల్లటి పిండిలా పట్టే పురుగు (మీలీబగ్) ఇది. పిండినల్లి ఒంటి మీద మైనం పూత ఉంటుంది, నీళ్లలాంటి మందు దాని మీద నిలవకుండా జారిపోతుంది. అందుకే సబ్బు కలపకుండా పైన కొట్టే మందు దీనికి సరిగ్గా పనిచేయదు. మొదటి పని కత్తెర. మొగ్గలు ముడుచుకుపోయి ముద్దగా పట్టిన కొసలు నిర్మొహమాటంగా కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి ఎండలో పెట్టండి. పక్కన కుండీలో పడేస్తే ఆ పిల్లలు నడుచుకుంటూ వెనక్కి వస్తాయి. మిగిలిన కాండానికి పాత టూత్ బ్రష్షుని సబ్బు నీళ్లలో ముంచి రుద్దాలి. వారం తేడాతో మూడు సార్లు సబ్బు, వేప కలిపి కొట్టాలి, ఒక్కసారితో గుడ్లు పోవు.

దీని వెనక చీమలు ఉన్నాయేమో చూడండి, దాదాపు ప్రతిసారీ ఉంటాయి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, శత్రు పురుగుల్ని తరిమేస్తాయి, పిల్లల్ని కొత్త కొమ్మకి మోస్తాయి. చీమలని ఆపకుండా పిండినల్లికి ఎన్ని కొట్టినా నెలలోపు మళ్లీ వస్తుంది. నేను స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతాను, కుండీ గోడకి ఆనకుండా జరుపుతాను.

ఎరువుల కొట్టులో వెర్టిసిలియం అనే శిలీంద్రం పొడి కూడా ఇస్తారు, లీటరుకి ఐదు గ్రాములు. మంచిదే, కానీ దానికి గాల్లో తడి కావాలి. జూలై నుంచి నవంబరు దాకా వాడితే ఫలితం కనిపిస్తుంది, ఏప్రిల్‌లో వాడితే డబ్బు దండగ. ఒక జాగ్రత్త ఏమిటంటే, పిండినల్లి గుంపులో కొంచెం పెద్దగా, తెల్లటి దూది పోగులతో చురుగ్గా కదిలే పురుగు కనిపిస్తే దాన్ని నలపకండి. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు జాతి పిల్ల, చూడటానికి మాత్రం శత్రువులాగే ఉంటుంది.

మిరప ముడత: పైకా, కిందకా?

దీని గురించి గుంటూరు మిరప రైతులని అడిగితే ఒక్క నిమిషంలో తేల్చేస్తారు, వాళ్ల మాటల్లోనే రోగనిర్ధారణ ఉంది. ఆకు అంచులు పైకి లేచి దొప్పలా, పడవలా అయితే పై ముడత, అది తామర పురుగు (త్రిప్స్) పని. అంచులు కిందకి వంగి బోర్లించిన పడవలా అయి, కాడ పొడుగ్గా సాగితే కింది ముడత, అది నల్లి (మైట్, పిండినల్లి కాదు) పని. ఆకులు చిన్నవైపోయి, ముద్దగా గుత్తులు కట్టి, మొక్క గిడసబారితే బొబ్బర తెగులు, అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. అనుమానం ఉంటే తెల్ల కాగితం మీద కొసని తట్టండి, సన్నటి నూలు ముక్కల్లాంటివి కదిలితే తామర పురుగు. నల్లి మాత్రం భూతద్దం లేకుండా కంటికి ఆనదు.

ఎందుకింత తేడా చూడాలంటే మూడింటికీ మందులు వేరు. పై ముడతకి నీలం రంగు జిగురు అట్టలు, వేప గింజల కషాయం లేదా బవేరియా అనే శిలీంద్రం పొడి. కింది ముడతకి నీళ్లలో కరిగే గంధకం, లీటరుకి మూడు గ్రాములు. అది కూడా చల్లటి సాయంత్రాల్లోనే, 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం ఆకుని కాలుస్తుంది, వేప నూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా గంధకం కొట్టకూడదు. ఎండాకాలంలో నల్లి వస్తే నేను రోజూ ఆకు అడుగున నీళ్లు కొడతాను. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ముడత కనిపించగానే ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన మందు కొట్టడం. అది నల్లిని చంపదు, నల్లిని తినే పురుగుల్ని చంపుతుంది, దాంతో ముడత ఇంకా పెరుగుతుంది.

2021లో గుంటూరు చుట్టుపక్కల మిరప చేలని నల్ల తామర పురుగు ఎలా ముంచిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2015లో మన దేశంలో మొదటిసారి బెంగళూరు వైపు బొప్పాయి మీద కనిపించిన పురుగు అది. పువ్వు లోపల దాక్కుంటుంది, పూత రాలిపోతుంది, పైపైన కొట్టే మందు దానికి అందదు. రైతులు మందు మీద మందు కొట్టి అప్పులపాలయ్యారు, మా బంధువుల్లోనే ఇద్దరు ఆ ఏడు చేను దున్నేశారు. అందుకే మేడ మీద నాలుగు మిరప మొక్కలే ఉన్నా నేను పువ్వు చిదిమి కాగితం మీద దులిపి చూస్తాను.

బొబ్బరకి మందు లేదు. బెండలో ఆకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులుకీ లేదు. రెండూ వైరస్‌లే, రెండిటినీ తెల్లదోమే మోస్తుంది. ఇక్కడ పోలిక రెండు మందుల మధ్య కాదు, ఉంచాలా పీకాలా అన్నదే. పీకండి. నాలుగు కాయలు వస్తాయేమోనని ఆశపడి ఉంచిన ఒక్క బెండ మొక్క మిగతా పన్నెండింటికీ అంటించడం కళ్లారా చూశాను. పీకాక పసుపు జిగురు అట్టలు కట్టి, తర్వాతి విత్తనానికి అర్కా అనామిక లాంటి కొంత తట్టుకునే రకం వేసుకోండి.

పురుగులు, కాయలు

కరివేపాకు, నిమ్మ ఆకుల్ని తినే పచ్చ పురుగు సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చ. దీనికి మందే వద్దు, పొద్దున్నే చేత్తో ఏరేయండి. కరివేపాకుని నేరుగా తాలింపులో వేస్తాం, దానికి రసాయనం కొట్టే ఆలోచనే నాకు నచ్చదు.

వంగలో కొస వాలిపోతే లోపల మొవ్వు తొలిచే పురుగు ఉన్నట్టే, వాలిన చోటుకి రెండంగుళాలు కింద కత్తిరించి నలిపేయండి. ఈ ఒక్క పని వారానికి రెండు సార్లు చేస్తే కాయల్లో పుచ్చు బాగా తగ్గుతుంది. బీర, కాకర, పొట్ల కాయలు పిందెలోనే పసుపెక్కి వంకర తిరిగితే పండు ఈగ. దీనికి ఎర బుట్టలు అమ్ముతారు కానీ వాటిలో మగ ఈగలే పడతాయి, మేడ మీద నాలుగు పాదులున్నవాళ్లకి పిందె కట్టిన రెండో రోజున పల్చటి గుడ్డ సంచి తొడగడమే మేలు.

బూడిద తెగులు చలికాలంలో గుమ్మడి, దోస, గులాబీ ఆకుల మీద తెల్ల పౌడర్ చల్లినట్టు వస్తుంది. ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పొద్దుటెండలో కొట్టండి. ముదిరితే గంధకం. వంటసోడా కూడా పనిచేస్తుంది కానీ పదే పదే కొడితే ఉప్పు మట్టిలో చేరుతుంది, నేను మానేశాను.

పసుపెక్కిన ఆకులు: అన్నభేదా, ఎప్సం ఉప్పా?

ఎవరు ఏ ఆకు చూపించినా ఎప్సం ఉప్పు అనేస్తున్నారు. ఆగండి. ముందు చూడాల్సింది పసుపు పాత ఆకుల్లోనా, కొత్త ఆకుల్లోనా. కొత్త చిగురు పసుపుగా, దాదాపు తెల్లగా వచ్చి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. బోరు నీళ్లు పోసే ఇళ్లలో మల్లె, గులాబీ, నిమ్మకి ఇది చాలా ఎక్కువ, కుండీ అంచున తెల్లటి ఉప్పు పట్టిందంటే అనుమానమే అక్కర్లేదు. లీటరు నీళ్లకి ఐదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు ఆకుల మీద కొట్టాలి. పాత ఆకుల్లో ఈనెల మధ్య పసుపైతే మెగ్నీషియం లోపం, అప్పుడే ఎప్సం ఉప్పు. కింది ఆకులు మొత్తం లేత పసుపైతే నత్రజని, గుప్పెడు వర్మీ కంపోస్టు వేసి నాలుగు రోజులకోసారి పల్చటి వేరుశనగ చెక్క నీళ్లు పోస్తే చాలు. వీలుంటే వారానికి ఒకట్రెండు సార్లైనా బోరు బదులు కార్పొరేషన్ వాళ్ల కృష్ణా నీళ్లు రాత్రి పట్టి ఉంచి పొద్దున పోయండి, తేడా నెలలో తెలుస్తుంది.

ఇవేమీ కాకుండా మట్టి తడిగా ఉండి ఆకులు పసుపెక్కితే వేరుకి ఊపిరాడటం లేదు. ఆకు వాలింది కదా అని ఇంకో చెంబు నీళ్లు పోసి చంపేది ఇక్కడే. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు, తడిగా ఉంటే కుండీ అడుగు రంధ్రం శుభ్రం చేసి నాలుగు రోజులు నీళ్లు ఆపడం. వేరు గోధుమ రంగులో మెత్తగా అయిపోతే కుళ్లు మొదలైనట్టే, లీటరుకి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి మొక్క మొదలు దగ్గర పోయాలి. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రం పొడి కుళ్లు రాకుండా ఆపేదే కానీ వచ్చాక కుదిర్చేది కాదు, కిలో పశువుల ఎరువుకి ఇరవై గ్రాములు కలిపి తేమగా వారం ఉంచి కుండీ నింపేటప్పుడే వేసుకోవాలి. ఈ రెండూ ఒకేసారి వాడితే రాగి మందు ట్రైకోడెర్మాని చంపేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో మా పెద్దమ్మ వాళ్ల పెరడు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. నీళ్లు తీయగానే బలం కోసం ఎరువు వేసిన మొక్కలు పోయాయి, మట్టి గుల్ల చేసి, మూడో వంతు కొమ్మలు కత్తిరించి, ఎరువు జోలికి పోకుండా వదిలేసిన మందారాలు రెండు బతికాయి.

ఏప్రిల్, మే నెలల్లో టమాటా పూత రాలడం, ఆకు అంచులు మాడటం తెగులు కాదు, ఎండ. దానికి సీసాలు కొనకండి, ఆ డబ్బుతో షేడ్ నెట్ కొనండి. యాభై శాతం నీడది కూరగాయలకి సరిపోతుంది, డెబ్భై ఐదు శాతంది కడితే ఆకు పెరుగుతుంది కానీ కాపు రాదు.

రసాయన మందు ఎప్పుడు?

పూల మొక్క చచ్చిపోయే స్థితికి వచ్చి, పైవన్నీ నెల రోజులు సరిగ్గా చేసి చూశాక. తినే మొక్కకైతే నా వరకు నేను వాడను. వాడక తప్పదనుకుంటే డబ్బా మీద త్రికోణం రంగు చూడండి: ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇళ్లల్లోకి ఎరుపు, పసుపు రానివ్వకండి. ఒకసారి వంగ పురుగుకి మందు అడిగితే ఒక కొట్టులో మోనోక్రోటోఫాస్ చేతిలో పెట్టారు, కూరగాయల మీద దాని వాడకాన్ని 2005లోనే నిషేధించారని చెప్పి తిరిగి ఇచ్చేశాను. మందు కొట్టాక ఎన్ని రోజులకి కోయాలో లేబుల్ మీద ఉంటుంది, ఆ రోజులు లెక్కపెట్టుకోవాలి, పిల్లలు ఎక్కే మేడ అయితే తలుపుకి తాళం వేయాలి.

కడియం నుంచి వచ్చే బండి మీదో, నర్సరీలోనో కొత్త మొక్క కొన్నప్పుడు నేను మొదట చేసేది అక్కడే ఆకులు తిరగేసి చూడటం, తర్వాత ఇంటికి తెచ్చి కింద మెట్ల దగ్గర పదిహేను రోజులు విడిగా ఉంచడం. మా మేడ మీదకి పిండినల్లి మొదటిసారి వచ్చింది కొత్తగా కొన్న ముద్ద మందారంతోనే, అప్పటి నుంచి ఎంత అందమైన మొక్కైనా సరే పదిహేను రోజులు మెట్ల దగ్గరే.